గన్‌మ్యాన్ సర్వీసు రివ్యూ: మనిషిని చూసేముందు లైసెన్సు బుక్ చూడండి

హైదరాబాద్‌లో నగల షాపుకో, గోల్డ్ లోన్ బ్రాంచికో సెక్యూరిటీ కావాలని అడిగితే ఏజెన్సీవాళ్లు పంపే కొటేషన్‌లో రెండు రేట్లుంటాయి. ఉత్త గార్డు ఒకటి, గన్‌మ్యాన్ ఒకటి. 2025 జనవరిలో బీదర్‌లో ఏటీఎం క్యాష్ వ్యాన్ సిబ్బందిని కాల్చినవాళ్లు ఆ రాత్రికే అఫ్జల్‌గంజ్‌లో మళ్లీ తుపాకీ పేల్చారు. అదే ఏడాది ఆగస్టులో చందానగర్ నగల షాపులో కాల్పులు జరిగాయి. ఇవన్నీ చూశాక షాపు యజమాని చూపు ఆ రెండో రేటు మీద పడటంలో వింతేమీ లేదు.

ఇక్కడ చూస్తున్నది ఏ ఒక్క ఏజెన్సీనో కాదు, గన్‌మ్యాన్ సర్వీసు అనే సరుకునే. మార్కులు ముందే చెప్పేస్తాం. కాగితాలు సరిగ్గా ఉన్న గన్‌మ్యాన్ దొరికితే ఐదుకు మూడున్నర. కాగితాలు సరిగ్గా లేనివాడికి సున్నా ఇచ్చినా ఎక్కువే, ఎందుకంటే వాడి కేసు మీ షాపు అడ్రసు మీద కూడా నమోదవుతుంది.

ఏజెన్సీకి ఉండాల్సింది పసారా లైసెన్సు, అంటే 2005 నాటి ప్రైవేట్ సెక్యూరిటీ ఏజెన్సీల చట్టం కింద ఇచ్చేది. ఐదేళ్లు చెల్లుతుంది. ఆఫీసులో అందరికీ కనపడేలా తగిలించాలని చట్టంలోనే ఉంది, కాబట్టి చూపించమని అడగడానికి మొహమాటపడక్కర్లేదు. ఒక్క జిల్లాకు తీసుకున్నారా, ఐదు జిల్లాల దాకానా, రాష్ట్రం మొత్తానికా అన్నది కూడా అందులోనే తెలుస్తుంది. రంగారెడ్డి జిల్లాకు మాత్రమే తీసుకున్నవాళ్లు వరంగల్‌లో గార్డును పెట్టకూడదు. లైసెన్సు లేకుండా ఏజెన్సీ నడిపితే ఏడాది దాకా జైలు, లేదా 25,000 దాకా జరిమానా, లేదా రెండూ.

ఇంతవరకూ అందరికీ తెలిసిందే. తేడా వచ్చేది ఇక్కడ: పసారా లైసెన్సుతో ఒక్క తూటా కూడా పట్టుకునే హక్కు రాదు. "పసారా ఉంది కదండీ, గన్ కూడా అందులోనే కవర్ అయిపోతుంది" అని మార్కెటింగ్ కుర్రాడు చెప్పాడంటే ఆ ఏజెన్సీ గురించి మీకు తెలియాల్సింది తెలిసిపోయినట్టే. తుపాకీకి 1959 ఆయుధ చట్టం, 2016 ఆయుధ నియమాలు వేరుగా ఉన్నాయి. ఆ లైసెన్సు ఇచ్చేది కమిషనరేట్ ఉన్నచోట పోలీస్ కమిషనర్, మిగతా జిల్లాల్లో కలెక్టర్. అది మనిషి పేరు మీదో సంస్థ పేరు మీదో ఉంటుంది, ఫలానా నంబరు తుపాకీకి కట్టుబడి ఉంటుంది. యూనిఫాం మార్చినట్టు గార్డును మార్చి అదే తుపాకీ భుజాన వేస్తే చెల్లదు.

మార్కెట్లో ఈ సర్వీసు మూడు రకాలుగా దొరుకుతుంది.

మొదటిది, సొంత లైసెన్సు, సొంత తుపాకీ ఉన్న మనిషి. ఎక్కువగా మాజీ సైనికులు, లేదా ఉత్తరాది నుంచి వచ్చినవాళ్లు. చేతిలో 12 బోర్ షాట్‌గన్ ఉంటుంది, ఒక గొట్టందో (సింగిల్ బ్యారెల్) రెండు గొట్టాలదో (డబుల్ బ్యారెల్). ఏజెన్సీలు ఎక్కువగా పంపేది ఈ రకాన్నే. ఇందులో చిక్కు ఏమిటంటే, ఆ లైసెన్సు చాలావరకు ఆత్మరక్షణ కోసం ఇచ్చింది. దాన్ని చూపించి జీతానికి కాపలా కాయడాన్ని లైసెన్సు షరతు తప్పినట్టు లెక్కగడితే ఆయుధ చట్టం సెక్షన్ 30 కింద కేసు పెట్టొచ్చు, లైసెన్సు రద్దు కూడా చేయొచ్చు. అందుకే ఈ మనిషి ఫలానా చోట ఆయుధంతో డ్యూటీ చేస్తున్నాడని స్థానిక స్టేషన్‌కు ఏజెన్సీ రాతపూర్వకంగా తెలిపి, స్టేషన్ ముద్ర ఉన్న కాపీ మీకివ్వాలి. ఆ కాపీ ఇవ్వడానికి నసిగితే ఆ మనిషి వద్దు.

రెండోది, బ్యాంకుల్లో కనిపించే పద్ధతి. తుపాకీ సంస్థది, లైసెన్సు సంస్థది. పట్టుకునే మనిషి పేరు 'రిటైనర్'గా అందులో ఎక్కుతుంది. మూడు రకాల్లోనూ శుభ్రమైనది ఇదే. తలనొప్పి కూడా ఇందులోనే ఉంది. గార్డు మానేసినప్పుడల్లా కొత్త పేరు ఎక్కించడానికి లైసెన్సింగ్ అధికారి దగ్గరికి వెళ్లాలి, ఆ పని ఒక్కరోజులో తెమలదు. ఈలోగా తుపాకీ లాకర్లో ఉండాలి. రిలీవర్, అంటే బదులుగా వచ్చిన గార్డు, భుజాన ఉంటే అది నేరం.

మూడోది, దుకాణం యజమాని తన సొంత తుపాకీని గార్డు చేతికివ్వడం. నగల వ్యాపారుల్లో ఇది మామూలు, చట్టంలో మాత్రం దీనికి తావు లేదు. లైసెన్సుదారు కాని మనిషి తుపాకీ మోయడానికి సెక్షన్ 3 ఇచ్చే మినహాయింపు చాలా చిన్నది: యజమాని సమక్షంలో గానీ ఆయన రాసిచ్చిన అధికారంతో గానీ, రిపేరుకో, లైసెన్సు రెన్యువల్‌కో, యజమాని సొంత వాడకానికో తీసుకెళ్లొచ్చు. గేటు దగ్గర నిలబడి కాపలా కాయడం ఈ మూడింట్లో ఏదీ కాదు. లైసెన్సు లేని తుపాకీకి శిక్ష 2019 సవరణ తర్వాత రెండేళ్ల నుంచి ఐదేళ్ల దాకా పెరిగింది. హక్కు ఉందో లేదో చూసుకోకుండా తుపాకీ చేతికిచ్చినవాడిది కూడా సెక్షన్ 29 కింద నేరమే. అక్రమ ఆయుధం దొరికిన ఆవరణ ఎవరి ఉమ్మడి అధీనంలో ఉందో, ఆ సంగతి తెలిసిన వాళ్లందరి మీదికీ సెక్షన్ 35 వస్తుంది. కౌంటర్ వెనక నిలబడే గన్‌మ్యాన్ గురించి తనకు తెలియదని ఏ మేనేజరూ చెప్పుకోలేడు.

ఇక లైసెన్సు బుక్ ఎలా చూడాలో చెప్పుకుందాం. జిరాక్స్ వద్దు, అసలు బుక్కే తెమ్మనండి. యూఐఎన్ నంబరు ఉందా లేదా అన్నది మొదట చూడాలి. దేశమంతటి లైసెన్సుల జాతీయ డేటాబేస్ ఇచ్చే గుర్తింపు నంబరది, అది లేని లైసెన్సు చెల్లదు. తర్వాత చెల్లుబాటు తేదీ. 2019 సవరణ లైసెన్సు గడువును మూడేళ్ల నుంచి ఐదేళ్లు చేసింది, పాత బుక్కుల్లో ఇంకా మూడేళ్ల లెక్కే కనిపించొచ్చు. ఆ తర్వాత చాలామంది తిప్పేసే పేజీ ఒకటుంది: ఏ ప్రాంతంలో చెల్లుతుంది అన్నది. ఒక జిల్లాకో ఒక రాష్ట్రానికో ఇచ్చిన లైసెన్సుతో హైదరాబాద్ నడిబొడ్డున నిలబడితే ఆ తుపాకీ ఇక్కడ లైసెన్సు లేనిదాని కిందే లెక్క. ఆల్ ఇండియా అని ఉన్నా, ఇక్కడికి నివాసం మారిన మనిషి ఇక్కడి అధికారికి తెలియజేశాడా అని అడగాలి. జమ్మూకశ్మీర్ నుంచి వచ్చిన నకిలీ లైసెన్సులతో ఇక్కడ సెక్యూరిటీ ఉద్యోగాలు చేస్తున్నవాళ్లను 2022లో హైదరాబాద్ పోలీసులు పట్టుకున్నారు. అందుకని బుక్కు మీద ముద్ర ఎర్రగా, గుండ్రంగా ఉందని తృప్తిపడకండి. నంబరు రాసుకుని, లైసెన్సు ఇచ్చిన కార్యాలయంతో ధ్రువీకరించమని మీ స్టేషన్‌లో దరఖాస్తు ఇవ్వండి.

తుపాకీని కూడా చూడాలి. ఈ పని ఏజెన్సీ సూపర్‌వైజర్ చేత, మీ ముందే చేయించండి, మీరు ముట్టుకోవద్దు. డబుల్ బ్యారెల్ అయితే పైనున్న లివర్ పక్కకు తోసి మడుస్తాడు. ముందు రెండు ఛాంబర్లూ, అంటే గొట్టాల్లో తూటా కూర్చునే చోట్లు, ఖాళీ అని చూపించాలి. తర్వాత గొట్టాల కింద ఉండే చెక్క, అంటే ఫోరెండ్, ఊడదీసి గొట్టాలను బాడీ నుంచి విడదీస్తే వాటి అడుగున చదునైన చోట నంబరు, ప్రూఫ్ ముద్రలు (గొట్టాన్ని పరీక్షించినట్టు కొట్టే గుర్తులు) కనపడతాయి. ఆ నంబరు, బాడీ మీది నంబరు, బుక్కులోని నంబరు మూడూ ఒకటే అయి ఉండాలి. గొట్టం నంబరు వేరు, బాడీ నంబరు వేరు అయితే ఎక్కడో భాగాలు మార్చారని అర్థం. అదే చోట ఛాంబర్ పొడవు కూడా కొట్టి ఉంటుంది: పాతవాటికి 65 మిల్లీమీటర్లు, తర్వాతి వాటికి 70. 65 ఛాంబర్లో 70 తూటా పట్టేస్తుంది, ప్రమాదమంతా అందులోనే ఉంది. పేలినప్పుడు తూటా మూతి విచ్చుకోవడానికి చోటు చాలక, గొట్టం సన్నబడే దగ్గర ఇరుక్కుని ఒత్తిడి పెరిగిపోతుంది. పాత గొట్టమైతే చీలిపోవచ్చు. తూటా డబ్బా మీద పొడవు రాసే ఉంటుంది, రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే నిమిషం పని.

విడదీసి ఉండగానే గొట్టాల్లోంచి వెలుతురు వైపు చూడమనండి. లోపల అద్దంలా మెరవాలి. విశాఖ, కాకినాడ లాంటి ఉప్పుగాలి ఊళ్లలో నూనె గుడ్డ పెట్టని తుపాకీకి ఒక్క వర్షాకాలంలో చిలుం పడుతుంది. గొట్టంలో మట్టి, గుడ్డ ముక్క, ఆఖరికి కందిరీగ గూడు ఉన్నా సరే, పేలినప్పుడు గొట్టం అక్కడే ఉబ్బి పగులుతుంది. నెలల తరబడి కాల్చని తుపాకుల్లో ఇది మామూలే.

గన్‌మ్యాన్‌ను అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: చివరిసారి ఎప్పుడు కాల్చావు? పసారా నమూనా నియమాల ప్రకారం గార్డుకు 100 గంటల క్లాసు, 60 గంటల ఫీల్డ్ శిక్షణ ఉండాలి, కనీసం 20 పనిదినాల్లో. మాజీ సైనికులకు, మాజీ పోలీసులకు 40 గంటలు, 16 గంటలు సరిపోతాయి. సిలబస్‌లో ఆయుధాల రకాలు గుర్తుపట్టడం, ఆయుధ చట్టం ముఖ్య సెక్షన్లు, ఆత్మరక్షణ హక్కు ఉన్నాయి. అంటే ఆ సర్టిఫికెట్ చూపించినవాడు తుపాకీని గుర్తుపట్టగలడని రుజువైంది, గురి చూసి కాల్చగలడని కాదు. ఆయుధ నియమాల కింద చేసే సేఫ్టీ శిక్షణ వేరు, దాని కాగితం విడిగా అడగాలి. ఈ ఒక్క విషయంలో మాజీ సైనికుడికి ఎక్కువ ఇచ్చినా దండగ కాదు.

షాపులో తుపాకీ ఎలా ఉండాలన్న దానిమీద ఏజెన్సీలు రాతపూర్వకంగా ఏమీ ఇవ్వవు. ఈ సర్వీసులో మాకు అన్నిటికన్నా పెద్ద లోపంగా కనపడేది ఇదే. డబుల్ బ్యారెల్ మీదుండే సేఫ్టీ బొత్తాం చాలా మోడళ్లలో ట్రిగ్గర్‌ను మాత్రమే ఆపుతుంది, లోపలి సుత్తిని ఆపదు. తూటా ఎక్కించి గోడకు ఆనించిన తుపాకీ జారి గచ్చు మీద పడితే, సేఫ్టీ వేసి ఉన్నా పేలే వీలుంది. అందుకని రెండు షరతులు పెట్టండి: తుపాకీ ఎప్పుడూ పట్టీతో భుజానే ఉండాలి, షాపు తెరిచి ఉన్నంతసేపూ ఛాంబర్లు ఖాళీగా, తూటాలు నడుం బెల్టులో ఉండాలి. మడిచే తుపాకీలో తూటా పెట్టడానికి అలవాటైన చేతికి కొద్ది సెకన్లు చాలు. ఎల్‌జీ తూటాలో పెద్ద గుళ్లుంటాయి, గాజు తలుపు వాటిని ఆపదు. బయట రోడ్డు మీద ఎవరున్నారో లోపలివాడికి కనపడదు.

ఎప్పుడు కాల్చొచ్చు? 2024 జులై నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 సెక్షన్ల దాకా ఆత్మరక్షణ హక్కే. ఈ విషయంలో గార్డుకు మామూలు పౌరుడికన్నా పిసరంత కూడా ఎక్కువ అధికారం లేదు. ఆస్తి కోసం ప్రాణం తీసేదాకా వెళ్లే హక్కు సెక్షన్ 41లో ఉంది: దోపిడీ, సూర్యాస్తమయం తర్వాత ఇంట్లోకి చొరబడటం, ఇల్లు తగలబెట్టడం లాంటి కొన్నిటికే. ఉత్త దొంగతనానికి వర్తించాలంటే ప్రాణభయమో తీవ్ర గాయం భయమో న్యాయంగా కలిగి ఉండాలి. గొలుసు లాక్కుని వీధిలో పరిగెత్తే కుర్రాడి వీపు మీద కాలిస్తే అది హత్య కేసు. గాల్లోకి కాల్చి బెదిరించడం కూడా సినిమా పనే. బహిరంగ స్థలంలో తుపాకీ తిప్పడం, పేల్చడం ఆయుధ నియమాల్లో నిషేధం.

రాకపోకలు చూద్దాం. డ్యూటీ అయ్యాక తుపాకీ ఎక్కడికెళ్తుంది? సొంత లైసెన్సు ఉన్నవాడు దాన్ని మీ షాపులో వదిలి వెళ్లకూడదు, వదిలితే లైసెన్సు లేని మీ దగ్గర ఆయుధం ఉన్నట్టవుతుంది. తనతోనే తీసుకెళ్లాలి. దారిలో పూర్తిగా కప్పి ఉండాలి, పొడవాటి తుపాకీ కవర్లో, చేతి తుపాకీ ఒంటికి కట్టుకున్న హోల్‌స్టర్‌లో లేదా బ్యాగులో, అదీ తన అదుపులో. బైకు వెనక కూర్చుని, బ్యారెల్ ఆకాశంలోకి పెట్టి వెళ్లే గన్‌మ్యాన్‌లు నగరంలో రోజూ కనపడతారు. చూడ్డానికి దర్జాగానే ఉంటుంది. ఈ విషయంలో దాదాపు ఏ ఏజెన్సీకీ మార్కులు పడవు.

యూనిఫాం గురించి రెండు ముక్కలు. నల్ల కమాండో డ్రెస్సు, చుక్కల మిలిటరీ బట్టలు, పోలీసు ఖాకీని పోలిన ఖాకీ "ప్రీమియం"గా అమ్ముతారు. సైన్యం, పోలీసు దుస్తుల్లా కనిపించేవి వేస్తే గార్డుతోపాటు ఏజెన్సీ యజమానికి కూడా ఏడాది దాకా జైలు పడొచ్చు. నమూనా నియమాలు అడిగేవి వేరే: ఏజెన్సీ బ్యాడ్జి, లేసుల బూట్లు, తాడుకు కట్టిన విజిల్, నోటుబుక్కు, పెన్ను. నోటుబుక్కు, పెన్ను ఉన్న గన్‌మ్యాన్ ఎదురైతే అతన్ని వదులుకోకండి.

రేటు దగ్గర మోసం లెక్కల్లో ఉంటుంది. "24 గంటల కాపలా, ఇద్దరు గన్‌మ్యాన్‌లు, ఒక గన్" అన్న ప్యాకేజీ చూశారంటే, రాత్రివాడు పగటివాడి తుపాకీ పట్టుకుంటాడని అర్థం. ఎనిమిది గంటల షిఫ్టు లెక్కన వారానికి 21 షిఫ్టులు, ఒక మనిషి ఆరు చేస్తాడు, అంటే మూడున్నర మంది. సెలవులు కలిపితే నలుగురు, నాలుగు లైసెన్సులు, నాలుగు తుపాకులు. ధరకు కొలబద్దగా కేంద్ర ప్రభుత్వ కనీస వేతనం చూడొచ్చు. 2024 అక్టోబరు 1 నాటి పట్టికలో హైదరాబాద్ లాంటి 'ఏ' (A) తరగతి నగరంలో ఆయుధం లేని కాపలాకు రోజుకు 954 రూపాయలు, ఆయుధంతో అయితే 1,035. నెలకు 26 రోజుల లెక్కన 26,910. వారాంతపు సెలవు రిలీవర్‌కు అందులో ఆరో వంతు, 4,485. 15,000 పరిమితి మీద పీఎఫ్ వాటా 13 శాతం చొప్పున 1,950. మొత్తం 33,345, దానిమీద ఏజెన్సీ లాభం, 18 శాతం జీఎస్టీ. జీతం 21,000 దాటింది కాబట్టి ఈఎస్ఐ ఉండదు, ప్రమాద బీమా ఏమిటో విడిగా అడగాలి. మీ షాపుకు వర్తించేది రాష్ట్ర కనీస వేతనం, అది వేరు. అయినా ఇందులో సగానికే పన్నెండు గంటల గన్‌మ్యాన్‌ను ఇస్తామంటే, పీఎఫ్ దగ్గరో లైసెన్సు దగ్గరో కోత పడిందన్నమాటే.

క్యాష్ వ్యాన్ సర్వీసుకు 2018 నియమాలు స్పష్టంగా ఉన్నాయి: డ్రైవరు, ఇద్దరు సాయుధ గార్డులు, ఇద్దరు కస్టోడియన్లు (డబ్బు బాధ్యత చూసేవాళ్లు), ఒక ట్రిప్పుకు 5 కోట్లకు మించకూడదు, నగరాల్లో రాత్రి 9 తర్వాత ఏటీఎంలో డబ్బు పెట్టకూడదు. టీ తాగడానికి దిగినా ఒక సాయుధ గార్డు వ్యాను దగ్గరే ఉండాలి. మీ దగ్గరికి వచ్చే వ్యానులో తలలు లెక్కపెట్టండి, ఐదు ఉండాలి.

ఎన్నికల మాట ఏ కొటేషన్‌లోనూ ఉండదు. కోడ్ అమల్లోకి వస్తే లైసెన్సుదారుల తుపాకులు స్టేషన్‌లో డిపాజిట్ చేయిస్తారు. బ్యాంకుల్లాంటి వాటికి స్క్రీనింగ్ కమిటీ మినహాయింపు ఇస్తుంది, నగల షాపు గన్‌మ్యాన్‌కు అది వస్తుందన్న నమ్మకం పెట్టుకోకండి. ఆ వారాలన్నీ మనిషి ఉత్త చేతులతో నిలబడతాడు, బిల్లు మాత్రం గన్‌మ్యాన్ రేటుకే వస్తుంది. డిపాజిట్ రసీదు తేదీ నుంచి తుపాకీ తిరిగొచ్చిన తేదీ దాకా ఉత్త గార్డు రేటే అని ఒప్పందంలో రాయించండి.

ఎవరికి పనికొస్తుంది? నగదు, బంగారం రోజూ చేతులు మారే చోటికి, అదీ లోపల లాకరు, రెండు తలుపుల ప్రవేశం, పానిక్ బటన్ అన్నీ పెట్టాక. అపార్టుమెంటు గేటుకు, ఫంక్షన్ హాలుకు, స్కూలుకు అనవసరం. పెళ్లి బరాతు ముందు నడిపించడానికైతే అసలే వద్దు. వేడుకల్లో ఇతరుల ప్రాణాలకు ముప్పు తెచ్చేలా కాల్పులు జరిపితే 2019 సవరణ ప్రకారం రెండేళ్ల దాకా జైలు, లేదా లక్ష దాకా జరిమానా, లేదా రెండూ.

తీసుకుంటే మాత్రం ఒప్పందంలో "24 గంటల్లో రీప్లేస్‌మెంట్" అన్న లైను కొట్టేయించండి. ఉత్త గార్డుకు అది మంచి షరతే. గన్‌మ్యాన్ విషయంలో ఎవరో ఒకరి చేతికి ఎవరిదో ఒక తుపాకీ ఇచ్చి పంపడానికి ఆ లైనే దారి. దాని బదులు, కొత్త మనిషి అసలు లైసెన్సు బుక్, స్టేషన్ ముద్ర ఉన్న కాపీ చూసి మీరు సంతకం పెట్టాకే గన్‌మ్యాన్ రేటు మొదలవుతుందని, అప్పటిదాకా లాఠీతో గార్డును పంపాలని రాయించండి.